నామినీ గారూ, ఆ డబ్బు మీది కాదు

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు నిజాం లొంగిపోయాడు. మూడు రోజుల తర్వాత, 20వ తేదీన, లండన్లో ఒక బ్యాంకు బదిలీ జరిగింది. వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో నిజాం ప్రభుత్వం తరఫున ఉన్న పది లక్షల పౌన్ల పైచిలుకు సొమ్ము (చిల్లరతో సహా చెప్పాలంటే 10,07,940 పౌన్ల 9 షిల్లింగులు) అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ రహీమ్‌తులా ఖాతాలోకి వెళ్ళిపోయింది. చేయించింది నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. రోజుల వ్యవధిలోనే నిజాం, ఇది నా అనుమతి లేకుండా జరిగింది, వెనక్కి ఇప్పించండి అని బ్యాంకుకి కబురు పెట్టాడు. ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళు ఒప్పుకుంటే తప్ప ఇవ్వం అంది బ్యాంకు.

1954లో నిజాం కోర్టుకెక్కాడు. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్, పరాయి దేశపు ప్రభుత్వాన్ని ఇక్కడి కోర్టుకి లాగడం కుదరదని చెప్పి ఆ కేసు ఆపేసింది. డబ్బు మాత్రం బ్యాంకులోనే కూర్చుని వడ్డీ తింటూ పెరిగింది. నిజాం 1967లో పోయాడు. 2013లో పాకిస్తానే ముందుకొచ్చి ఆ డబ్బు మాది అని దావా వేసింది. అంతకాలం తనను కాపాడిన కవచాన్ని తనే విప్పేసుకున్నట్టయింది. చివరికి 2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు చెప్పాడు. ఖాతా రహీమ్‌తులా పేరున ఉన్నా ఆయన దాన్ని నిజాం కోసం ధర్మకర్తగా పట్టుకున్నవాడే గానీ సొంతదారు కాదు, కాబట్టి నిజాం ద్వారా హక్కు చెప్పుకుంటున్న వాళ్ళకే ఆ సొమ్ము చెందుతుంది అని. అప్పటికది సుమారు మూడున్నర కోట్ల పౌన్లయింది. నిజాం మనవలు ముకర్రం జా, ముఫఖం జా ఇద్దరూ అప్పటికి ఎనభైల్లో ఉన్నారు. డెబ్భై ఒక్క ఏళ్ళు!

ఈ కథలో నాకు ఆసక్తి రాజుల మీద కాదు. ఒకరి పేరున ఉన్న డబ్బు ఇంకొకరిది కావచ్చు అన్న చిన్న మాటని ఒప్పించడానికి డెబ్భై ఒక్క ఏళ్ళు పట్టిందే, దాని మీద. ఇదే గొడవ మన ఇళ్ళల్లో రోజూ జరుగుతుంది. కాకపోతే అక్కడ కోర్టు ఉండదు, తీర్పు ఉండదు. అసలు గొడవైనట్టు కూడా ఎవరికీ తెలియదు.

నేను మాట్లాడుతున్నది నామినీ గురించి. బ్యాంకు డిపాజిట్ కాగితం మీద అడుగున ఒక గడి ఉంటుంది కదా, మన నాన్నలందరూ "మావాడు అమెరికాలో ఉన్నాడు" అని గర్వంగా మన పేరు రాయించే గడి, అదన్నమాట.

మీలో ఎంతమంది నామినీ అంటే వారసుడు అనుకుంటున్నారో చేతులెత్తమంటే, ఇక్కడ మా ఊళ్ళో నేనడిగిన పదిమందిలో తొమ్మిది చేతులు లేచాయి. అందరూ ఎమ్మెస్సులు చేసినవాళ్ళే. ఈ తొమ్మిదిమందీ తెలివితక్కువ వాళ్ళేం కాదు. తప్పు ఎక్కడ వచ్చిందంటే, మనం ఉద్యోగంలో చేరిన మొదటి రోజున అమెరికాలో నింపిన కాగితం ఇంకో రకం. 401కేలో, ఇన్సూరెన్సులో బెనిఫిషియరీ అని ఎవరి పేరు రాస్తే డబ్బు వాళ్ళ సొంతం. ఎంత సొంతం అంటే, 2001లో ఇక్కడి సుప్రీంకోర్టుకి ఎగెల్‌హాఫ్ కేసు వచ్చింది. విడాకులైన రెండు నెలలకే ఆయన పోయాడు. కాగితాల మీద పాత భార్య పేరు అలాగే ఉండిపోయింది. విడాకులైతే పేరు దానంతటదే చెరిగిపోతుందని వాషింగ్టన్ రాష్ట్ర చట్టం చెబుతున్నా, కంపెనీ పథకాలకి ఫెడరల్ చట్టమే వర్తిస్తుందని కోర్టు తేల్చింది. డబ్బు పాత భార్యకే. మొదటి పెళ్ళి వల్ల పుట్టిన పిల్లలు చూస్తూ ఉండిపోయారు. (మీరు పెళ్ళికి ముందు రాసిన కాగితాలు ఒకసారి తీసి చూడండి. 401కేలో మీ భార్యకో భర్తకో చట్టం కొంత రక్షణ ఇస్తుంది. ఐఆర్ఏలో, మామూలు బ్రోకరేజీ ఖాతాలో ఆ రక్షణ చాలా రాష్ట్రాల్లో లేదు. తమ్ముడి పేరుంటే తమ్ముడికే పోతుంది.)

ఆ అలవాటుతోనే మనం ఇండియా కాగితాన్నీ చదువుతాం. అక్కడి చట్టం పూర్తిగా వేరు. 1983లో శర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నామినీ అంటే డబ్బు అందుకోవడానికి అనుమతి ఉన్న చెయ్యి మాత్రమే అని. అందుకున్నాక అది చట్టప్రకారం వారసులకి చెందుతుంది. 2010లో తల్వార్ల కేసులో బ్యాంకు డిపాజిట్లకీ ఇదే సూత్రం అంది. కంపెనీ షేర్ల సంగతి వేరేమోనన్న అనుమానం ఒకటి చాలాకాలం నడిచింది. 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో అదీ తీరిపోయింది. ఒక్క జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులో, భార్యో భర్తో, పిల్లలో నామినీ అయితే డబ్బు వాళ్ళ సొంతమే అవుతుంది. అది మినహాయింపు.

ఇంతకీ చట్టప్రకారం వారసులెవరు? హిందూ వారసత్వ చట్టం సంగతి చెబుతాను, మిగతా మతాల వారికి వాళ్ళ చట్టాలున్నాయి. విల్లు రాయకుండా పోయిన మగవాడి స్వార్జితం అతని కొడుకులకి, కూతుళ్ళకి, భార్యకి, తల్లికి సమానంగా వెళ్తుంది. ఇది 1956 నుంచీ ఉన్నదే. మనవాళ్ళు ఆడపిల్లల హక్కు అనగానే ఎన్టీఆర్ తెచ్చిన సవరణ అంటారు, లేదా 2005 అంటారు. అవి ఉమ్మడి కుటుంబపు ఆస్తి గురించి. నాన్న జీతంలో మిగిల్చి బ్యాంకులో వేసిన డబ్బులో కూతురి వాటాకి ఎన్టీఆర్ అక్కర్లేదు. ఆయన ఇంకా సినిమాల్లో కృష్ణుడి వేషం వేస్తున్న రోజుల నుంచే ఉంది.

ఇక మా ఇంటి సంగతి. మా నాన్న ఉద్యోగం చేసి రిటైరై, పోయే నాటికి రెండు డిపాజిట్లు మిగిల్చారు. రెండూ కలిపి పద్దెనిమిది లక్షల చిల్లర. రెండింటికీ నామినీ నేనే. కార్యక్రమాలన్నీ అయ్యాక బ్యాంకుకి వెళ్తే అక్కడి మేనేజరు గారు చాలా మర్యాదగా, "మీరే నామినీ కదండీ, మీ ఒక్కరి సంతకం చాలు, ఇంకెవరూ రానక్కర్లేదు" అన్నారు. ఆయన అన్నది నిజమే. బ్యాంకు నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. నా బాధ్యత అప్పుడే మొదలవుతుందని మాత్రం ఆయన చెప్పలేదు. చెప్పడం ఆయన పని కాదనుకోండి.

ఇంటికొచ్చాక బాబాయ్ అన్నాడు, "ఇంకేంరా, నాన్న నీ పేరే రాశాడు, దాని అర్థం అదే." ఒక పెద్దాయన ఇంకో అడుగు ముందుకేసి, "ఆడపిల్లలకి పెళ్ళిళ్ళప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశారు, పసుపు కుంకుమ కింద అక్కకి అరెకరం కూడా ఇచ్చారు" అని లెక్క చెప్పాడు. అక్కా చెల్లీ అక్కడే వంటింట్లో ఉన్నారు. ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

నేను చెప్పదలచుకున్నది ఆ నిశ్శబ్దం గురించే.

ఆడపిల్ల ఎందుకు అడగదు? వాటా ఉందని తెలియక అనుకుంటే పొరపాటు. మా అక్క పదేళ్ళుగా స్కూల్లో పాఠాలు చెబుతోంది, తెలియకేం? అడిగితే వచ్చేది మూడున్నర లక్షలు, పోయేది పుట్టిల్లు. సంక్రాంతికి పిలుపు, పిల్లల పుట్టువెంట్రుకలకి మేనమామ ఒడి, రేపు అత్తారింట్లో మాటొస్తే వెనక నిలబడే మనిషి, ఇవన్నీ ఆ మూడున్నర లక్షలకి ఎదురు తూకంలో ఉంటాయి. అడిగిన ఆడపిల్లని "డబ్బు మనిషి" అనడానికి ఊరంతా సిద్ధంగా ఉంటుంది. అడగని ఆడపిల్లని "బంగారం" అంటారు. బంగారం అనిపించుకోడానికి అయ్యే ఖర్చు ఎప్పుడూ వాళ్ళే పెట్టుకోవాలి. అందుకే "వాళ్ళు అడగలేదుగా" అనే మాట నాకు నచ్చదు. అడగలేని వాళ్ళు అడగలేదని చెప్పి ఉంచేసుకోవడం నా దృష్టిలో పరాయి సొమ్ము ఉంచుకోవడమే.

దూరాన ఉన్న కొడుకుకి ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. రెండు వారాల సెలవు మీద వెళ్తాడు, సంతకం పెడతాడు, విమానం ఎక్కేస్తాడు. ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. అమెరికాలో ఉన్నవాడికి ఇదో లెక్కా అని అందరూ అనుకుంటారు గానీ, లెక్క కాని వాడే లెక్క చెప్పకుండా తప్పించుకోగలిగేది.

పెళ్ళిలో ఇచ్చాం కదా అనే వాదానికి నా జవాబు చిన్నది. నా ఇంజనీరింగు ఫీజు, ఎమ్మెస్ కోసం బ్యాంకు లోనుకి పెట్టిన ఇంటి తనఖా, మొదటి విమాన టిక్కెట్టు, ఇవన్నీ ఎవరి ఖాతాలో రాద్దాం? అవి కలిపితే మా అక్క అరెకరం తేలిపోతుంది. ఆఖర్న ఆస్పత్రి ఖర్చు నేనే పెట్టాను అంటారా, అది వేరే విషయం, నిజమైన ఖర్చే. అయితే బిల్లులు పెట్టి అందరి ముందూ తీసుకోవాలి. నాన్నకి అదే ఇష్టం అంటారా, విల్లు రాయడానికి తెల్ల కాగితం, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు రాసిన మనిషి విల్లు రాయలేదంటే, చట్టం పంచినట్టు పంచుకోండి అన్నట్టే నేను తీసుకున్నాను.

అయిదు వాటాలు వేశాను. అమ్మ, అక్క, చెల్లి, నేను, నాయనమ్మ. నాయనమ్మ పేరు చెప్పగానే అందరూ ఉలిక్కిపడ్డారు. కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఏమిటని. ఉంది. చట్టంలో మొదటి తరగతి వారసురాలు ఆవిడ. మీ ఇంట్లో తాతమ్మో నాయనమ్మో ఉండి మధ్యతరం మనిషి పోతే, ఆ ముసలావిడని ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లో చేర్చారో లేదో చూసుకోండి. రేషన్ కార్డు వేరేగా ఉందనో, బాబాయ్ ఇంట్లో ఉంటోందనో వదిలేస్తుంటారు.

డబ్బు పంచాక ఒక పేజీ లెక్క రాసి అందరికీ పంపాను. అసలు ఎంత, వడ్డీ ఎంత, పన్ను ఎంత కోశారు, ఎవరికి ఏ తేదీన ఎంత. వారం తర్వాత అక్క ఫోను చేసి, "రెండో డిపాజిట్ మీద కోసిన పన్నుకి సర్టిఫికెట్ వస్తుంది కదరా, అదేది?" అని నిలదీసింది. నా ముప్ఫై ఆరేళ్ళ జీవితంలో అక్క నన్ను ఒక్క పైసా లెక్క అడగడం అదే మొదటిసారి. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. సొమ్ము తనది అని నమ్మినవాళ్ళే అలా అడుగుతారు.

సరే, ఉన్నదని తెలిసిన డబ్బు సంగతి ఇది. ఉన్నదో లేదో తెలియని డబ్బు ఇంకో మహాసముద్రం.

పదేళ్ళపాటు ఎవరూ ముట్టుకోని బ్యాంకు డిపాజిట్లని రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఒక నిధికి మార్చేస్తారు. 2014లో మొదలైంది ఈ పద్ధతి. 2024 మార్చి ఆఖరుకి అందులో 78,213 కోట్ల రూపాయలు పోగయ్యాయి. ఇది ప్రభుత్వపు డబ్బు కాదు, వారసులు ఎప్పుడొచ్చినా ఇవ్వాల్సిందే, గడువంటూ లేదు. షేర్లదీ ఇలాంటి కథే. వరసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే డివిడెండుతో పాటు షేర్లు కూడా ఐఈపీఎఫ్ అనే నిధికి వెళ్ళిపోతాయి. అక్కణ్ణుంచి తెచ్చుకోవచ్చు. బీమా డబ్బుకి మాత్రం గడువుంది. పదేళ్ళు ఎవరూ అడక్కపోతే సీనియర్ సిటిజన్ల సంక్షేమ నిధికి పోతుంది, అక్కడ ఇంకో ఇరవై అయిదేళ్ళు దాటితే కేంద్ర ప్రభుత్వానిదై పోతుంది. కాబట్టి వెతకడం మొదలుపెడితే బీమాతో మొదలుపెట్టండి.

2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఉద్గం అని ఒక వెబ్‌సైటు తెచ్చింది. పేరు, పాన్ నెంబరో పుట్టిన తేదీయో ఇచ్చి వెతకొచ్చు. 2024 మార్చి నాటికే ముప్ఫై బ్యాంకులు అందులో చేరాయి, ఆ నిధిలోని డబ్బులో దాదాపు 90 శాతం వాటిదే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మంచి పని. కానీ ఒక తెలుగువాడు అందులో వెతికి చూస్తే తెలుస్తుంది బాధ. మన పేర్లకి ముందు ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత రెండు మూడు దేవుళ్ళు, చివర రావో మూర్తో. పాత పాస్‌బుక్కులో పొడి అక్షరాలు, పాన్ కార్డులో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు. సత్యనారాయణ అనే పేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో సరదాగా లెక్కపెట్టండి, నేను పదకొండు దగ్గర ఆపేశాను. డేటాబేసులతో పొట్టపోసుకునే వాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లని పట్టుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. ఇంగ్లీషు పేర్ల కోసం వందేళ్ళ క్రితమే, 1918లోనే, సౌండెక్స్ అనే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. మన పేర్లకి తగ్గట్టు అలాంటిది ఒకటి రాయడానికి మన దేశంలో మనుషులు కరువా?

అసలు నా ఫిర్యాదు వెబ్‌సైటు మీద కాదు. వెతకాల్సిన బాధ్యత వారసుడిదే అన్న ఆలోచన మీద. బ్యాంకు దగ్గర ఖాతాదారు చిరునామా ఉంది, నామినీ పేరుంది, పాన్ ఉంది. రుణం ఎగ్గొట్టిన వాడయితే ఏడు ఊళ్ళు దాటి వెళ్ళినా పట్టుకుంటారు. ఇవ్వాల్సిన డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం, తెలుసుకున్నవాడు వస్తాడులే అని కూర్చుంటారు. మా ఇంట్లో "వాళ్ళు అడగలేదుగా" అన్నదానికీ దీనికీ తేడా ఏమైనా ఉందా?

అమెరికా ఇందులో ఏమంత ధర్మరాజు కాదు. ఇక్కడ కదలని ఖాతాలు, వసూలు చేసుకోని చెక్కులు మూడేళ్ళకో అయిదేళ్ళకో రాష్ట్ర ప్రభుత్వానికి చేరతాయి. యజమాని తరఫున రాష్ట్రం దాచి ఉంచుతుందని అంటారు, చాలా రాష్ట్రాల్లో ఎప్పుడడిగినా ఇస్తారు. మిస్సింగ్ మనీ అనే సైటులో పాత అపార్ట్‌మెంటు అడ్వాన్సులూ, ఆఖరి జీతాలూ దొరికిన మిత్రులు నాకున్నారు. చిన్న రాష్ట్రమైన డెలావేర్‌కి మాత్రం ఈ డబ్బు బడ్జెట్లో పెద్ద ఆదాయ మార్గాల్లో ఒకటి. లెక్కలేనన్ని కంపెనీలు అక్కడ రిజిస్టరై ఉండటం వల్ల యజమాని తెలియని డబ్బంతా అటు ప్రవహిస్తుంది. దాచిపెట్టేవాడికి యజమాని దొరక్కపోవడమే లాభమైతే వాడు ఎంత గట్టిగా వెతుకుతాడో మీరే ఊహించుకోండి. 2023లో ఇక్కడి సుప్రీంకోర్టు, మనీగ్రామ్ వాళ్ళ చెక్కుల డబ్బు కొన్న రాష్ట్రానికే పోవాలి గానీ డెలావేర్‌కి కాదని ఆ రాష్ట్రం మీద తీర్పిచ్చింది. రాష్ట్రాలు రాష్ట్రాలూ కొట్టుకున్నాయి. చెక్కు కొన్న మనిషి ఆ కేసులో ఎక్కడా లేడు.

ఇండియాలో కొన్ని మంచి మార్పులు వచ్చాయి, చెప్పకపోతే పాపం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు. ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. అమ్మానాన్నలు ఉన్నవాళ్ళు ఈసారి వెళ్ళినప్పుడు చెయ్యాల్సిన మొదటి పని ఇదే. మీ ఒక్కరి పేరూ తీసేసి అక్కచెల్లెళ్ళ పేర్లు కూడా చేర్పించండి. నాలుగు పేర్లున్నా నలుగురూ అందుకునే చేతులే, వారసత్వం మారదు. అయినా కనీసం చెక్కు ఒక్కరి చేతికే వచ్చి అక్కడే ఆగిపోదు. చనిపోయినవారి ఖాతాల క్లెయిములు కాగితాలన్నీ అందాక పదిహేను రోజుల్లో తేల్చాలనీ, బ్యాంకు వల్ల ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది.

నామినీలుగా ఉన్న తోటి ప్రవాసులకి పన్నుల సంగతి రెండు ముక్కలు. ఆ డబ్బు మీ ఎన్నారో ఖాతాలో పడి ఇండియాలోని మీ ఖాతాలన్నీ కలిపి పది వేల డాలర్లు దాటితే, అందులో నాలుగొంతులు అక్కచెల్లెళ్ళదే అయినా, ఎఫ్‌బార్‌లో మీరు చూపించాలి. మీ సొంత వాటా లక్ష డాలర్లు దాటితే ఫారం 3520 ఉంటుంది. పన్ను కట్టడానికి కాదు, చెప్పడానికి. చెప్పకపోతే వేసే జరిమానా చూస్తే కళ్ళు తిరుగుతాయి. మీరు రాసిన ఆ ఒక పేజీ లెక్క ఇక్కడ కూడా పనికొస్తుంది, ఎందుకంటే అందులో ఎంత మీది ఎంత కాదు అన్నది తేదీలతో సహా ఉంటుంది. మిగతాది మీ సీపీఏ చెబుతాడు.

నిజాం కథలో ఒక ముక్క చివరికి అట్టేపెట్టాను. 1948లో ఆ డబ్బుకి యజమాని ఒక్కడు. తీర్పొచ్చాక, 2020లో, మాకూ వాటా ఉందంటూ నిజాం వారసులు వందమందికి పైగా అదే లండన్ కోర్టుకి వచ్చారు. కేసు మళ్ళీ తెరవడానికి జడ్జి ఒప్పుకోలేదు. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఎంత పెరుగుతుందో ఏమో గానీ, వారసులు మాత్రం ఖాయంగా పెరుగుతారు.

మా ఇంట్లో ఇప్పుడు నాకున్న తొందర అదే. నాన్న బీరువాలో 1990లలో కొన్న షేర్ల కాగితాలు దొరికాయి. ఇల్లు మారినప్పుడు చిరునామా మార్చలేదు, డివిడెండు వారంట్లు పాత ఇంటికి వెళ్ళి తిరిగిపోయాయి, షేర్లు ఐఈపీఎఫ్‌కి చేరిపోయాయి. వాటికి నామినీ లేడు. అయిదుగురం వారసులం సంతకాలు పెట్టాలి. నాది ఇక్కడ నోటరీ చేయించి, అపోస్టిల్ వేయించి పంపాలి, అక్కడికి చేరాక మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. షేరు కాగితం మీద నాన్న పేరు పొడి అక్షరాలతో, ఆధార్‌లో పూర్తిగా ఉన్నాయి కాబట్టి ఇద్దరూ ఒక్కరే అని ఇంకో అఫిడవిట్. నాయనమ్మకి ఎనభై తొమ్మిది. ఆవిడ ఉండగా పూర్తయితే అయిదు సంతకాలు. ఆవిడ పోతే ఆవిడ వాటా బాబాయ్‌కి, ఇద్దరు మేనత్తలకి, మా నాన్న వాటాగా మళ్ళీ మా ముగ్గురు పిల్లలకి వెళ్తుంది. కాగితాలన్నీ మొదటికొస్తాయి.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో ఆవిడకి ఇదంతా చెప్పాను. "నాకెందుకురా ఇప్పుడు షేర్లు" అంది. చెప్పి చెప్పి ఒప్పించాక, "సరే, సంతకం ఎక్కడ పెట్టాలో చిన్నదాన్ని వచ్చి చూపించమను, కళ్ళజోడు కొత్తది వచ్చింది" అంది. చెల్లి ఈ శనివారం వెళ్తోంది.